బండలాగుడు పోటీలకు కేబుల్ కెమెరా: పాత డ్రిల్లు, స్కేటింగ్ చక్రాలతో 60 మీటర్ల లైను కట్టొచ్చా?

గుండ్లకమ్మ_ఫ్రేమ్స్:

సంక్రాంతికి మా ఊళ్లో ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. డ్రోన్ మోతకు గిత్తలు బెదురుతాయని కమిటీ వాళ్లు ఎగరేయనివ్వరు. కెమెరా పట్టుకుని పక్కన పరిగెత్తితే చెర్నాకోలలు పట్టుకున్న తోలేవాళ్లకు అడ్డం. అందుకని ట్రాక్ వెంబడి తాడు కట్టి, దాని మీద కెమెరా బండి నడుపుదామనుకుంటున్నాను.

ట్రాక్‌కి ఒక పక్క జనం. రెండో పక్క చెరువు కట్ట, అటు ఎవర్నీ నిలబడనివ్వరు. కట్ట వైపు ఒక చివర పెద్ద చింతచెట్టు ఉంది, రెండో చివర ఏమీ లేదు, ఖాళీ నేల. మధ్య దూరం 60 మీటర్లు.

నా దగ్గర పోగైన సామాను ఇది:
– 12 ఓల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లు. బ్యాటరీ పోయింది, మోటారు, గేర్లు బాగానే ఉన్నాయి
– ఇన్‌లైన్ స్కేట్స్ ఒక జత, 76 మి.మీ. చక్రాలు ఎనిమిది
– 3 మి.మీ. అల్యూమినియం ప్లేటు, స్లైడింగ్ కిటికీల సెక్షన్ ముక్కలు
– పాడైన ఆర్‌సీ కారులోంచి తీసిన 60 ఆంప్‌ల బ్రష్డ్ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూటు), రిసీవర్, పిస్టల్ రిమోట్
– పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికిన 6 మి.మీ. స్టీలు తాడు, 70 మీటర్లు ఒకే ముక్క
– ఫోన్ గింబల్ (ఫోన్ ఊగకుండా నిలకడగా పట్టే మోటారు స్టాండు), ఒక యాక్షన్ కెమెరా

ఈ స్టీలు తాడు సరిపోతుందా? ఎంత బిగుతుగా కట్టాలి? బండిని తోలే చక్రాన్ని డ్రిల్ చక్‌లో (బిట్టును పట్టే దవడల్లో) పట్టిస్తే చాలా, లేత్ పని చేయించాలా?

తాడు_ముడి:

ముందు తాడు సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి. 6 మి.మీ. స్టీలు తాడుకు బలం చాలక కాదు, బరువు ఎక్కువై పనికిరాదు. మీటరుకు సుమారు 140 గ్రాములు తూగుతుంది. 60 మీటర్లకు 8 కిలోలు దాటుతుంది. మీ బండి మొత్తం రెండున్నర కిలోలు ఉంటుందేమో, దానికి మూడింతలు తాడే ఉందన్నమాట.

లెక్క ఇలా వేసుకోండి. బండి మధ్యలో ఉన్నప్పుడు తాడు ఎంత కిందికి దిగుతుందో ఆ లోతు మీటర్లలో తీసుకోండి. బండి వల్ల వచ్చే టెన్షన్ = బండి బరువు × మొత్తం దూరం ÷ (4 × లోతు). తాడు సొంత బరువు వల్ల వచ్చేది = మీటరు బరువు × దూరం × దూరం ÷ (8 × లోతు). రెండూ కలిపితే తాడులో ఉండే లాగుడు కిలోల్లో వస్తుంది.

60 మీటర్లకు లోతు 1.5 మీటర్లు అనుకుందాం. బండికి 2.5 × 60 ÷ 6 = 25 కిలోలు. దీనికి 6 మి.మీ. స్టీలు తాడు సొంతంగా ఇంకో 42 కిలోలు కలుపుతుంది. అదే 4 మి.మీ. డైనీమా (చాలా తేలికైన, గట్టి ప్లాస్టిక్ పోగుల తాడు) అయితే మీటరుకు 9 గ్రాములే కాబట్టి మూడు కిలోలు కూడా కలపదు. 67 కిలోలకూ 28 కిలోలకూ తేడా చూడండి. తెగే బలం 4 మి.మీ. డైనీమాకు టన్ను దాటే ఉంటుంది, ఆ సంగతి దిగులు పడక్కర్లేదు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మొత్తం సామానులో తప్పకుండా కొత్తది కొనాల్సింది ఇదే, దీని దగ్గర మాత్రం పాతది వెతక్కండి. బోరు మోటారుకు కట్టే నైలాను తాడు బాగా సాగుతుంది, బండి వెళ్లే కొద్దీ ఊగుతూనే ఉంటుంది. అది వద్దు.

బాగా బిగిస్తే షాట్ చదునుగా వస్తుందని చాలామంది లాగేస్తారు. లోతు అర మీటరుకు తగ్గించారంటే డైనీమా మీద కూడా టెన్షన్ 83 కిలోలకు చేరుతుంది. దూరంలో నలభయ్యో వంతు దిగనివ్వండి, అంటే మీకు ఒకటిన్నర మీటరు. ఫ్రేములో ఆ వంపు తెలియదు.

ఇంకో ముఖ్యమైన సంగతి: బరువు లేకుండా ఖాళీ తాడును బిగించకండి. డైనీమా సాగదు కాబట్టి తర్వాత బరువు వేలాడదీయగానే టెన్షన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. రెండున్నర లీటర్ల నీళ్లున్న డబ్బాను మధ్యలో వేలాడదీసి, అది ఉండగానే రాచెట్ బెల్టుతో కొంచెం కొంచెం లాగుతూ లోతు కొలవండి. 50 కిలోల లగేజీ కాటాను తాడుకూ రాచెట్‌కూ మధ్య తగిలిస్తే అంకె కూడా కనిపిస్తుంది. కాటా కొక్కెం విరిగినా తాడు పోకుండా దాన్ని దాటిస్తూ వదులుగా ఒక తాడు ముక్క కట్టి ఉంచాలి. బిగింపు అయ్యాక కాటా తీసేయండి.

డైనీమా నున్నగా ఉంటుంది, మామూలు ముడులు జారిపోతాయి, పైగా ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది. చివర్లలో తాడును దానిలోకే దూర్చి కన్ను చేసుకోండి. లోపల దూరే భాగం తాడు మందానికి 72 రెట్లు ఉండాలి. 4 మి.మీ. తాడుకు 29 సెం.మీ. వస్తుంది, 30 పెట్టుకోండి. తోక చివర పోగులు కొన్ని కత్తిరించి సన్నగా చేసి, మొదట్లో నాలుగు కుట్లు వేస్తే బరువు లేనప్పుడు కూడా ఊడిరాదు.

లేత్_పని:

తాడు విషయం పైన చెప్పినట్టే చేయండి. నేను బండి గురించి చెబుతాను.

300 × 120 మి.మీ. ప్లేట్లు రెండు కోసి ఎదురెదురుగా పెట్టండి. పైన రెండు స్కేట్ చక్రాలు తాడు మీద కూర్చుంటాయి, వాటి ఇరుసుల మధ్య 200 మి.మీ. దూరం ఉండాలి. తోలే చక్రం ఆ రెండింటికీ నడుమ, తాడు కింది నుంచి పైకి నొక్కుతుంది. అప్పుడు తాడు మొదటి చక్రం కింద, తోలే చక్రం మీద, మళ్లీ రెండో చక్రం కింద వంకర తిరుగుతూ పోతుంది. పట్టు వచ్చేది ఈ వంకరలోనే. తోలే చక్రం తాడును 10 మి.మీ. పైకి ఎత్తితే, 28 కిలోల టెన్షన్‌లో అది దాదాపు 6 కిలోల బరువుతో చక్రాన్ని నొక్కుతుంది. స్ప్రింగులు అక్కర్లేదు. ఇరుసుకు గుండ్రటి బెజ్జం కాకుండా 25 మి.మీ. నిలువు గాడి కోయండి. కిందికి దించితే తాడు వదులై బండి ఊడివస్తుంది, పైకి ఎత్తి బిగిస్తే పట్టు. జారుతోందనిపిస్తే ఇంకో 5 మి.మీ. ఎత్తండి.

మధ్య నుంచి చివరికి వెళ్లేటప్పుడు బండి ఎక్కాల్సిన వాలు చివర్లో పదికి ఒకటి దాకా ఉంటుంది. రెండున్నర కిలోల బండికి పావు కిలో తోపు చాలు. మోటారు శక్తి గురించి బెంగ వద్దు, జారకుండా చూసుకోవడమే అసలు పని.

చక్రాలకు గాడి తీయడం: 8 మి.మీ. బోల్టుకు చక్రాన్ని వాషర్లతో బిగించి ఇంకో డ్రిల్లులో పట్టించి తిప్పండి. గుండ్రటి ఆకురాయిని మధ్యలో ఆనించి ఉంచితే పాలీయురెథేన్ పొడిపొడిగా రాలుతూ గాడి పడుతుంది. గట్టిగా నొక్కితే వేడెక్కి కరిగి అంటుకుంటుంది, కాబట్టి ఆగి ఆగి చేయండి. లోతు 5 మి.మీ. చాలు. చక్రం మీద 78ఏ, 82ఏ లాంటి అంకె ఉంటుంది. అంకె తక్కువైతే చక్రం మెత్తన, తోలడానికి మెత్తటిదే తీసుకోండి.

చక్రానికీ ప్లేటుకూ మధ్య సందు తాడు మందం కంటే తక్కువ ఉండాలి, 2 మి.మీ. మించకూడదు. ఇలాంటి బండ్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. గాలికి బండి పక్కకు ఊగినప్పుడు తాడు గాడి లోంచి ఎగిరి ఆ సందులో దూరిందంటే చక్రం బిగుసుకుపోతుంది, తాడు చీలిపోతుంది. సందు చిన్నదైతే దూరే వీలే ఉండదు.

తోలే చక్రానికి బేరింగులు తీసేయాలి. లేకపోతే ఇరుసు తిరుగుతుంది, చక్రం తిరగదు. బేరింగ్ ఉన్న చోటు 22 మి.మీ. బెజ్జం. లేత్ దగ్గర 22 బయట, 8 లోపల ఉండే బుష్ ఒకటి తిప్పించుకుని చక్రంలోకి బిగుతుగా కొట్టండి. లేత్ పని అంతే. రెండు పక్కలా పెద్ద వాషర్లు, నైలాక్ నట్టు (లోపల నైలాను రింగు ఉండేది) వేయండి. బండి రెండు వైపులా తిరుగుతుంది కాబట్టి మామూలు నట్టు రివర్స్‌లో విప్పుకుంటుంది. డ్రిల్ చక్‌లో బోల్టు పట్టించడం పరీక్షకు సరే, పనికి కాదు. అదురుకు దవడలు వదులవుతాయి. చక్‌ను పూర్తిగా తెరిస్తే లోపల ఒక స్క్రూ కనిపిస్తుంది, అది చాలా డ్రిల్లులకు ఎడమ మర, కుడివైపు తిప్పితే ఊడుతుంది. ఆ తర్వాత చక్‌ను మామూలు మరలాగే విప్పి, ఆ కాడకే పొడవు నట్టుతో ఇరుసు కలపండి. ఇరుసు రెండో చివరను తప్పనిసరిగా ఒక 608 బేరింగులో (స్కేట్ చక్రాల్లో ఉండేదే) కూర్చోబెట్టండి. డ్రిల్ ముందరి బుష్ పక్క నుంచి వచ్చే బరువుకు చేసింది కాదు, ఒంటరిగా వదిలేస్తే అరిగి చక్రం వంకరపోతుంది.

డ్రిల్ ఒక పక్క వేలాడుతుంది కాబట్టి బ్యాటరీని రెండో పక్క పెట్టి బరువు సరిచూడండి. దుమ్ము బాగా లేచే చోటు గనక బేరింగులు రబ్బరు మూత ఉన్నవి, అంటే 608 2ఆర్‌ఎస్ వేయండి. ఇనుప మూతవాటిలోకి మట్టి పోతుంది. నూనె మాత్రం పూయకండి. దుమ్ము అంటుకుంటుంది, తాడుకు తగిలితే చక్రం జారుతుంది.

గుండ్లకమ్మ_ఫ్రేమ్స్:

చాలా థాంక్స్ అన్నా. తాడు ఆర్డర్ పెడతాను. ఒక డౌటు: డ్రిల్ చక్‌ను చేత్తో తిప్పితే తిరగట్లేదు, పట్టేస్తోంది. మోటారుకు కరెంటు ఇస్తే మామూలుగానే తిరుగుతోంది. గేర్లు పోయినట్టా?

లేత్_పని:

గేర్లు బాగానే ఉన్నాయి. చక్ బిగించేటప్పుడు ఇరుసు తిరగకుండా ఆపే లాక్ అది. కానీ కేబుల్ మీద ఇబ్బంది పెడుతుంది. చివర నుంచి మధ్యకు దిగేటప్పుడు బండి మోటారును మించి దొర్లాలని చూస్తుంది, లాక్ పడుతుంది, మోటారు మళ్లీ విడిపిస్తుంది, మళ్లీ పడుతుంది. కటకటమని అదురు కెమెరాకు చేరుతుంది. గేర్ డబ్బా ముందు భాగం విప్పితే ఇరుసు చుట్టూ చిన్న ఉక్కు పిన్నులు ఉంటాయి. వాటిని తీసి మళ్లీ మూసేయండి, స్వేచ్ఛగా తిరుగుతుంది.

ఇంకోటి, డ్రిల్ ప్లాస్టిక్ ఒళ్లు పూర్తిగా ఒలిచేస్తే క్లచ్ రింగు, దాని స్ప్రింగు కూడా వచ్చేస్తాయి, గేర్లు వట్టిగా తిరుగుతాయి. పిడి మాత్రం కోసేసి క్లచ్ అలాగే ఉంచండి. నడిమి అంకె మీద పెడితే బండి చివర గుద్దుకున్నప్పుడు క్లచ్ జారి గేర్ పళ్లను కాపాడుతుంది.

టంకం_కడ్డీ:

కరెంటు వైపు నేను చెబుతాను. 12 ఓల్టుల డ్రిల్లుకు 3ఎస్ లైపో (మూడు సెల్లుల లిథియం బ్యాటరీ), 2200 ఎంఏహెచ్ సరిగ్గా సరిపోతుంది. నడిచేటప్పుడు 5 ఆంప్‌లు లాగుతుందనుకున్నా 20 నిమిషాల పైనే వస్తుంది. మొత్తం 10.5 ఓల్టులకు దిగగానే మార్చేయండి. బ్యాటరీ ప్లస్ తీగ మీద కార్లలో వాడే 20 ఆంప్‌ల ఫ్యూజ్ పెట్టండి. ఈ సైజు మోటారు బిగుసుకుపోతే 60 ఆంప్‌లు దాటి లాగగలదు, ఈఎస్‌సీ కంటే ముందు ఫ్యూజ్ పోవాలి.

కారు ఈఎస్‌సీ మామూలు మోడ్‌లో ట్రిగ్గర్ వెనక్కి తోస్తే మొదట బ్రేకు, వదిలి మళ్లీ తోస్తేనే రివర్స్. బండను తిప్పుకుని గిత్తలు వెనక్కి మళ్లేటప్పుడు ఆ ఆలస్యం కనబడుతుంది. జంపర్ గానీ సెట్టింగు గానీ ఉంటే నేరుగా ముందుకు, వెనక్కి వెళ్లే క్రాలర్ మోడ్‌కు మార్చండి. పిస్టల్ రిమోట్ ఉండటం మంచిదైంది, వదలగానే నడిమికి వస్తుంది. విమానాల రిమోట్ వాడే వాళ్లకు ఒక మాట: ఎడమ స్టిక్ మధ్యకు రాదు, కుడి స్టిక్ మీద పెట్టుకోవాలి.

మోటారు బ్రష్‌ల నుంచి వచ్చే గోల రిసీవర్‌నీ గింబల్‌నీ తికమక పెడుతుంది. 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్లు మూడు తీసుకోండి. ఒకటి మోటారు రెండు కాళ్ల మధ్య, మిగతా రెండూ ఒక్కో కాలి నుంచి మోటారు ఇనుప ఒంటికి. టంకం పట్టాలంటే ఒంటిని ముందు గీకాలి. రిసీవర్ యాంటెనాను అల్యూమినియం ప్లేట్ల మధ్య ఉంచకండి, చిన్న స్ట్రా గొట్టంలో దూర్చి బయటికి నిలబెట్టండి. యాక్షన్ కెమెరా వైఫై ఆపేయండి, రిమోట్‌ది కూడా 2.4 గిగాహెర్ట్జే.

రిమోట్ సిగ్నల్ పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, పరీక్షించాకే తాడు ఎక్కించండి. బండిని బల్ల మీద పెట్టి సగం వేగంలో తిప్పుతూ రిమోట్ ఆఫ్ చేయండి. చక్రం ఆగకుండా తిరిగిందంటే ఆ బండి తాడు ఎక్కకూడదు.

వేగం: గాడి తీశాక చక్రం 66 మి.మీ. అవుతుంది. డ్రిల్ రెండో గేరులో నిమిషానికి 1300 చుట్లు తిరుగుతుందనుకుంటే సెకనుకు నాలుగున్నర మీటర్లు. మొదటి గేరులో 400 చుట్లకు 1.4 మీటర్లు. రెండో గేరు పెట్టి, రిమోట్‌లో గరిష్ఠ హద్దును 60 శాతానికి దించండి. సెకనుకు 2.7 మీటర్లు వస్తుంది, పరుగు మీదున్న జతకైనా సరిపోతుంది. ఈఎస్‌సీలో పంచ్ (బయల్దేరేటప్పటి దూకుడు) అన్నది అన్నిటికంటే తక్కువలో పెట్టండి, లేకపోతే బయల్దేరేటప్పుడు కెమెరా లోలకంలా ఊగుతుంది.

కట్ట_మీద:

రిగ్గింగ్ పని తెలిసినవాణ్ణి, స్థలం గురించి రెండు మాటలు. లైను చెరువు కట్ట వైపే వేయండి, ట్రాక్ మీదుగా గానీ జనం మీదుగా గానీ వద్దు. ఎత్తు కూడా ఆలోచించండి. తక్కువ ఎత్తులో డెక్కల దుమ్ము, ఈడ్చుకొచ్చే బండ అద్భుతంగా వస్తాయి, నిజమే. కానీ బెదిరిన జత పక్కకు మళ్లి కట్ట ఎక్కితే మెడ ఎత్తులో తాడు ఉండకూడదు. కెమెరా అడుగు 3 మీటర్ల పైన ఉండాలి. లోతు 1.5, కెమెరా వేలాడే అర మీటరు కలిపితే రెండు చివర్లూ 5 మీటర్ల ఎత్తులో కట్టాలి.

చింతచెట్టుకు గోనెపట్టా చుట్టి, దాని మీద వెడల్పు బెల్టు వేసి, రాచెట్ అక్కడే పెట్టండి. ఖాళీ చివర ఆరు మీటర్ల సరుగుడు కర్రలు రెండింటితో కత్తెర నిలబెట్టండి, కాళ్లు అడుగున్నర గుంటల్లో దింపండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కత్తెర మీద గిలక పెట్టి అదే తాడును వెనక్కి 45 డిగ్రీల్లో కిందికి దించుతారు. గిలకకు రెండు వైపులా టెన్షన్ ఒకటే, కానీ వెనక తాడు వాలుగా ఉండటంతో అడ్డంగా లాగేది అందులో 70 శాతమే. కత్తెర మెల్లగా లైను వైపు ఒరుగుతుంది. అలా కాకుండా లైను తాడును కత్తెర తలకు కట్టేసి, వెనక్కి లాగే తాడు వేరుగా కట్టండి. 28 కిలోల లైనుకు వెనక తాడు మీద 40 కిలోలు పడుతుంది.

ఆ 6 మి.మీ. స్టీలు తాడు పారేయకండి, వెనక లాగుడుకు అదే బాగుంటుంది. పాతది కాబట్టి ముందు నూలు గుడ్డతో పొడుగునా తుడవండి, పోగు తెగిన చోట గుడ్డ చిక్కుకుంటుంది, ఆ ముక్క కోసేయండి. కొస దగ్గర మూడు క్లాంపులు వేసి, యూ బోల్టు తోక వైపు, జీను (క్లాంపులో గాడి ఉన్న ముక్క) బరువు లాగే తాడు వైపు వచ్చేలా చూడండి. తిరగేస్తే బరువు మోసే తాడే నలిగిపోతుంది. రెండో కొస ట్రాక్టర్‌కు కట్టండి: గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, గొర్రు నేలలోకి దించి, చక్రాలకు రాళ్లు పెట్టి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. కరెంటు స్తంభానికి ఏ తాడూ కట్టొద్దు. పైన సర్వీసు తీగలున్న చోట ఈ పనే వద్దు, తడిసిన డైనీమాలోనూ కరెంటు పారుతుంది.

చివర్లలో కట్టుకు 3 మీటర్ల ముందు పాత సైకిల్ ట్యూబు ముక్కను తాడుకు చుట్టి, దాని ముందు టెన్నిస్ బంతి గుచ్చండి. నిజానికి చివరి ఐదారు మీటర్లలో ట్రిగ్గర్ వదిలేస్తే ఎక్కుడు వాలే బండిని ఆపుతుంది. దిగిపోకుండా ఈఎస్‌సీ డ్రాగ్ బ్రేకు (ట్రిగ్గర్ వదిలాక మోటారును ఆపి ఉంచేది) పట్టుకుంటుంది. గింబల్‌కు, కెమెరాకు విడివిడిగా బండికి సన్న తాడు కట్టండి. స్క్రూ ఊడినా కింద పడవు.

గుండ్లకమ్మ_ఫ్రేమ్స్:

సర్వీసు తీగలు కట్టకు అవతల దూరంగా ఉన్నాయండి, మా దారిలో లేవు. చివరిగా ఒకటి: ఫోన్, గింబల్ పెట్టనా, యాక్షన్ కెమెరా ఒక్కటే బిగించనా?

టంకం_కడ్డీ:

మొదటిసారి యాక్షన్ కెమెరా ఒక్కటే పెట్టండి. గింబల్ లేకపోతే అర కిలో తగ్గుతుంది. దాని సొంత స్టెబిలైజేషన్ బాగా పనిచేయాలంటే షటర్ 1/200 కంటే వేగంగా ఉండాలి. ఎండలో అది ఎలాగూ వస్తుంది. సాయంత్రం లైట్ల కింద షటర్ నెమ్మదిస్తే ప్రతి ఫ్రేములో మసక ఉండిపోతుంది, దాన్ని స్టెబిలైజేషన్ తీయలేదు, అప్పుడు గింబల్ కావాలి. రెండింట్లో ఏదైనా బండికి నేరుగా బిగించకండి. డ్రోన్లకు వాడే మెత్తటి రబ్బరు బంతులు నాలుగింటి మీద చిన్న ప్లేటు, దాని కింద కెమెరా. బొమ్మ జెల్లీలా వణుకుతోందంటే తోలే చక్రం గాడి గుండ్రంగా లేదని అర్థం, మళ్లీ ఆకురాయి పట్టండి. కెమెరాను తాడుతో వేలాడదీయకుండా గట్టి కడ్డీతో కట్టాలి.

తాడు_ముడి:

ఎక్కించే ముందు ఐదు లీటర్ల నీళ్ల డబ్బాను కప్పీకి తగిలించి, రెండు చివరల నుంచీ తీగలతో లాగుతూ లైను మొత్తం అటూ ఇటూ తిప్పండి. బండి బరువుకు రెండింతలు అవుతుంది. తర్వాత ఒక రాత్రంతా తాడును బిగించే ఉంచి, పొద్దున లోతు మళ్లీ కొలవండి. కొత్త డైనీమా కన్నుల దగ్గర సర్దుకుని కొంత దిగుతుంది, రాచెట్ ఒకటి రెండు పళ్లు లాగితే సరిపోతుంది. పోటీ రోజు గిత్తలు మారే ప్రతి విరామంలో తోలే చక్రం గాడిలో చేరిన మట్టిని పొడి గుడ్డతో తుడవండి, వాలు దగ్గర జారడం మొదలయ్యేది ఆ మట్టితోనే.